కల్లంలో మేర కాదు, దుక్కిలో వాటా

వాడ లెక్కలు – 14వ భాగం

ఆర్గానిక్ తిండి అనగానే మనోళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకరేమో "అన్నా, అది డబ్బున్నోళ్ళ ముచ్చట. మామూలు టమాటా కొనడానికే గతి లేనప్పుడు మనకెందుకీ సోకు?" అంటారు. ఇంకొకరు ఉద్యోగం వచ్చి, నగరంలో కాస్త కుదురుకుని, ఆర్గానిక్ దుకాణంలో కిలో బెండకాయలు వంద పెట్టి కొని, "ఆరోగ్యం కన్నా ఎక్కువా?" అంటారు. ఒకరిది వెటకారం, ఇంకొకరిది ఓదార్పు. ఇద్దరూ ఆ కూరగాయని కొనేవాళ్ళ వైపు నుంచే చూస్తున్నారు. పండించేవాళ్ళ వైపు నుంచి చూస్తే కథ పూర్తిగా వేరు.

ఈ భాగంలో నా వాదన సూటిగా చెప్తాను. విషం లేని తిండి అందరికన్నా ముందు మన అవసరం. దాన్ని ఖరీదైన సరుకు చేసింది మట్టి కాదు, మధ్యలో ఉన్న దుకాణం. దాన్ని సగం ధరకే తెచ్చుకునే పద్ధతి ఒకటుంది: విత్తనం వేయకముందే పంటలో వాటా కట్టడం. ఆ పద్ధతికి బాట వేసినవాళ్ళలో అప్పు పుట్టని నల్లజాతి రైతులున్నారు, మన జహీరాబాద్ దళిత ఆడవాళ్ళున్నారు. ఇవాళ దాన్ని అపార్ట్‌మెంట్ల వాళ్ళు "సాత్విక ఆహారం" పేరుతో సొంతం చేసుకుంటుంటే మనం వెటకారం ఆడుకుంటూ కూర్చోవడం కుదరదు.

విషం ముందు ఎవరి ఒంటికి తగులుతుంది?

పురుగుమందు అనగానే నగరంలో అందరికీ కంచంలో మిగిలిన అవశేషాలు గుర్తొస్తాయి. నిజమే, అవి ఉంటాయి. కానీ ఆ మందు కంచం దాకా చేరేది చివర్న. ముందు అది వీపున ట్యాంకు కట్టుకుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చేలో నడిచే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత ఆ చేలోనే వంగి కలుపు తీసే ఆడకూలీ చేతులకి అంటుకుంటుంది. ఆ చేతులతోనే ఆమె మధ్యాహ్నం సద్ది విప్పుతుంది. ఇంటికెళ్ళి చంటిబిడ్డని ఎత్తుకుంటుంది.

2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకి మందు కొడుతూ ఇరవై మంది దాకా చనిపోయారు. వాళ్ళలో చిన్న రైతులున్నారు, రోజు కూలీలున్నారు. ట్యాంకు మోసేది ఎవరో, గట్టు మీద గొడుగు కింద నిలబడేది ఎవరో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మన అమ్మానాన్నల్ని అడగండి, మందు కొట్టిన రోజు రాత్రి కళ్ళు ఎలా మండేవో, తల ఎలా తిరిగేదో చెప్తారు.

అందుకే నా దృష్టిలో మందులేని సేద్యం ముందు కూలీ ఒంటికి సంబంధించిన హక్కు. తినేవాడి ఆరోగ్యం ఆ తర్వాతి మాట. "మనకెందుకీ సోకు" అనే తమ్ముడు ఈ ట్యాంకు ఎవరి వీపు మీదుందో ఒక్కసారి ఆలోచించాలి.

వాటా అంటే ఏంటి, డబ్బు ఎక్కడ మిగులుతుంది?

పద్ధతి తేలిక. కొన్ని కుటుంబాలు ఒక రైతుతోనో, రైతుల సంఘంతోనో కూర్చుంటాయి. సీజన్ మొత్తానికి సేద్యానికి ఎంత ఖర్చవుతుందో, రైతు కుటుంబానికి బతకడానికి ఎంత కావాలో లెక్క వేస్తాయి. దాన్ని వాటాలుగా పంచుకుని, డబ్బు దుక్కి దున్నేటప్పుడే కడతాయి. పంట మొదలయ్యాక వారం వారం పండిందాంట్లో ఎవరి వాటా వాళ్ళకొస్తుంది. ఎక్కువ పండితే ఎక్కువ, వడగళ్ళు పడితే తక్కువ.

ఒక లెక్క వేద్దాం. ఇది ఎక్కడో జరిగినది కాదు, అర్థం కావడానికి నేను వేసిన నమూనా. మీ ఊరి కూలి రేట్లు, కౌలు రేట్లు పెట్టి మీరే మళ్ళీ వేసుకోండి.

ఎకరం కౌలు భూమి. ఆరు నెలలు, అంటే 26 వారాలు, ఆకుకూరలూ బెండా వంకాయా టమాటా బీరా చిక్కుడూ కలిపి వేస్తారు. కౌలు 15,000. విత్తనం, పెంట, కషాయాలు, పందిళ్ళకి 30,000. బయటి కూలీలకి 36,000. సేద్యం చేసే ఇద్దరు మనుషులకి, వారానికి ఐదు రోజుల చొప్పున, రోజుకి 500 లెక్కన 1,30,000. వారానికోసారి బండి కిరాయి వెయ్యి చొప్పున 26,000. సంచులు, తూకం వగైరా 3,000. మొత్తం 2,40,000.

నలభై వాటాలు వేస్తే ఒక్కో వాటా 6,000. వారానికి 230 రూపాయల చిల్లర. వాటాకి వారానికి ఐదు కిలోలు వస్తే కిలో 46 రూపాయలు పడింది. ఆర్గానిక్ దుకాణంలో కిలో సగటున 90 పడుతుందనుకుంటే అవే 130 కిలోలకి 11,700 అయ్యేది. అంటే దాదాపు సగం ఆదా.

ఈ ఆదా ఎక్కడి నుంచి వచ్చింది? దుకాణం అద్దె లేదు. ఏసీ లేదు. ప్లాస్టిక్ డబ్బా, స్టిక్కర్ లేవు. అమ్ముడుపోక కుళ్ళిపోయే సరుకు లేదు, ఎందుకంటే ఎవరు తింటారో విత్తనం వేసేనాటికే తెలుసు. వంకర దోసకాయని పక్కన పడేసే గ్రేడింగ్ లేదు. దళారీ కమీషన్ లేదు. పెట్టుబడికి తెచ్చిన నూటికి మూడు రూపాయల వడ్డీ లేదు.

ఇప్పుడు ఆ లెక్కలో 1,30,000 అని రాసిన చోటుని మళ్ళీ చూడండి. అది రైతు కుటుంబం కూలి. బజారు ధరల్లో ఈ గడి ఖాళీగా ఉంటుంది. పండించినోడి చెమటకి ధర కట్టకుండా, అమ్ముకున్నాక మిగిలితే అదే కూలి, మిగలకపోతే దేవుడున్నాడు. వాటా పద్ధతిలో ఆ గడి ముందే నిండుతుంది. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. తినేవాడికి ఆదా అయింది, పండించేవాళ్ళ కూలి తగ్గలేదు.

కాబట్టి ఎవరైనా "మా దగ్గర ఆర్గానిక్ చవక" అంటే ఒక్కటే ప్రశ్న అడగండి. ఆ మిగులు ఎవరి జేబులోంచి వచ్చింది? దళారీ జేబులోంచి వస్తే ఆదా. కలుపు తీసిన ఆడమనిషి కూలిలోంచి వస్తే దోపిడీ.

మరి వాడలో వాళ్ళకి, హాస్టల్ పిల్లలకి కిలో 46 కూడా ఎక్కువే కదా? అవును. రైతుబజారు ధర అంతకన్నా తక్కువే ఉండే రోజులుంటాయి. అందుకే వాటాలన్నీ ఒకే ధరకి ఉండాల్సిన పని లేదు. పది వాటాలు 8,000కి, ఇరవై వాటాలు 6,000కి, పది వాటాలు 4,000కి పెట్టండి. మొత్తం అదే 2,40,000. జీతం బాగా వచ్చే మనోడు 8,000 కడతాడు. వాడలో కుటుంబం 4,000 కడుతుంది, కిలో 31 రూపాయలు పడుతుంది. కూరగాయలు అవే, సంచి అదే. ఎవరు ఎంత కట్టారో సంచి మీద రాసి ఉండదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సోల్ ఫైర్ ఫామ్ అనే నల్లజాతి వాళ్ళ వ్యవసాయ క్షేత్రం పేద పేటలకి ఇట్లాగే, ఎవరి తాహతుకి తగ్గ ధరకి వాళ్ళకి పెట్టెలు పంపింది.

ఈ దారి ఎవరు వేశారు?

అమెరికా పుస్తకాల్లో ఈ వాటాల చరిత్ర సాధారణంగా 1986లో మొదలవుతుంది. ఆ ఏడాది మసాచుసెట్స్‌లో ఒకటి, న్యూ హాంప్‌షైర్‌లో ఒకటి, రెండు క్షేత్రాలు మొదలయ్యాయి. యూరప్ నుంచి వచ్చిన ఆలోచన అని కొందరు, 1970ల్లో జపాన్ తల్లులు మొదలుపెట్టిన "తెయ్‌కెయ్" అని కొందరు చెప్తారు. ఆ కథలు అబద్ధం కాదు. కానీ ఒక పేరు చాలాకాలం ఆ కథల్లో కనపడలేదు.

బుకర్ టి. వాట్లీ. అలబామాలోని టస్కెగీలో వ్యవసాయ శాస్త్రవేత్త, నల్లజాతి మనిషి. 1970ల్లోనే ఆయన చిన్న రైతులకి చెప్పింది ఇది: ఇరవై ఐదెకరాలు చాలు, పట్టణానికి దగ్గర్లో, మంచి రోడ్డు పక్కన ఉండాలి. పట్టణంలో వెయ్యి కుటుంబాల్ని సభ్యులుగా చేర్చుకో, సభ్యత్వ రుసుం ముందే తీసుకో. వాళ్ళే వచ్చి కోసుకుంటారు, సూపర్‌మార్కెట్ కన్నా తక్కువకి తింటారు. దళారీని గడప తొక్కనీయకు. 1987లో ఇదంతా ఒక పుస్తకంగా కూడా వేశారు.

ఆయనకి ఆ ఆలోచన ఎందుకు అవసరమైంది? 1920లో అమెరికాలో నల్లజాతి రైతులు 9 లక్షలకి పైగా ఉండేవాళ్ళు. 1997 నాటికి 20 వేల లోపుకి పడిపోయారు. భూమి వాళ్ళంతట వాళ్ళు వదిలేసింది కాదు. విత్తనాల వేళకి తెల్లవాడికి దొరికే సర్కారు అప్పు నల్లవాడికి దొరకలేదు, దొరికినా అదను దాటాక దొరికేది. పంట పోయేది, తాకట్టులో భూమి పోయేది. ఈ వివక్ష మీద నల్లజాతి రైతులు వేసిన కేసులో 1999లో అక్కడి వ్యవసాయ శాఖ పరిహారానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. బ్యాంకు మొహం చాటేసినప్పుడు తినేవాళ్ళ దగ్గరే ముందు పెట్టుబడి తెచ్చుకోవడం బతుకు తెరువు.

మిసిసిపీలో ఫానీ లూ హేమర్ కథ ఇంకా మనకి దగ్గర. పాలికాపు కుటుంబంలో పుట్టిన మనిషి. 1962లో ఓటరుగా పేరు నమోదు చేసుకోవడానికి వెళ్ళినందుకు ఆమెని ప్లాంటేషన్ యజమాని వెళ్ళగొట్టాడు. ఓటడిగిన వాడి బువ్వ తీసేయడం దొరల పాత అలవాటని ఆమెకి అప్పుడే తెలిసింది. 1969లో ఫ్రీడమ్ ఫామ్ సహకార సంఘం పెట్టింది. నెలకి ఒక డాలరు సభ్యత్వం. దాంతోపాటు పందుల బ్యాంకు: కుటుంబానికి చూడి పంది ఇస్తారు, అది ఈనాక రెండు పిల్లల్ని బ్యాంకుకి తిరిగిస్తే చాలు. ఆ డాలరు కూడా కట్టలేని కుటుంబాలు చాలా ఉండేవి, అయినా వాళ్ళని బయటకి నెట్టలేదు. 1970ల నడుమకి ఆ సంఘం డబ్బుల్లేక మూతపడింది. అది కూడా మనకి పాఠమే. పేదలు పేదల దగ్గర మాత్రమే వాటాలు పోగేస్తే బండి ఎంతో దూరం నడవదు. చదువుకుని జీతాలు తెచ్చుకుంటున్న మనం 8,000 వాటా కట్టాలి అని నేను అంటున్నది అందుకే.

జహీరాబాద్‌లో మనోళ్ళు

ఇంత దూరం పోకుండా మన ఇంటి పక్కకే వద్దాం. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల, పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు, వాటిలో ఎక్కువమంది దళితులు. వాళ్ళకి సర్కారు భూపంపిణీలో వచ్చినవి ఎర్ర చెలకలు, రాళ్ళ పొలాలు, ఎవరికీ అక్కర్లేని నేలలు. ఏళ్ళ తరబడి బీడుగా ఉన్నవి.

1990ల నడుమ వాళ్ళు చేసిన పని చూడండి. బీడు దున్నడానికి, పెంట తోలడానికి, విత్తనానికి సంఘం నుంచి పెట్టుబడి. అప్పు తీర్చేది డబ్బుతో కాదు, జొన్నలతో, కొన్నేళ్ళ పాటు కాస్త కాస్త. ఆ జొన్నలు ఊళ్ళోనే నిలవ చేస్తారు. ఊరి మ్యాపు నేల మీద గీసి, ఎవరి ఇంట్లో పొయ్యి రోజూ వెలగట్లేదో సంఘం ఆడవాళ్ళే తేల్చి, ఆ ఇళ్ళకి వానాకాలం కరువు నెలల్లో తక్కువ ధరకి ఆ జొన్నలు అమ్ముతారు. సర్కారు చౌకదుకాణంలో బియ్యం, గోధుమలు ఇస్తుంటే వీళ్ళు సొంతంగా జొన్నల చౌకదుకాణం నడిపారు. విత్తనం బయట కొనరు. విత్తనం తీసుకున్న మనిషి మరుసటేడు తీసుకున్నదానికన్నా ఎక్కువ తిరిగిస్తుంది. హేమర్ పందుల బ్యాంకు గుర్తొచ్చిందా? సముద్రానికి అటూ ఇటూ, ఒకరి గురించి ఇంకొకరికి తెలియకుండానే, వెలివాడలకి ఒకే ఉపాయం తట్టింది.

ఎన్జీఓ అనగానే మనలో చాలామందికి చిరాకు. నాకూ ఉంది. ఎవరి పేరు మీద నిధులొస్తాయి, ఎవరు వేదిక ఎక్కుతారు అనే ప్రశ్న అడుగుతూనే ఉండాలి. కానీ ఆ చిరాకులో ఆ ఆడవాళ్ళు కట్టిందాన్ని తుడిచెయ్యకండి. 2008లో సంఘం రేడియో పెట్టుకున్నారు. ఏటా పాత పంటల జాతరలో విత్తనాల బండ్లు ఊరూరా తిప్పారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వాళ్ళకొచ్చింది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అని పండగ చేసుకుంది. ఆ కొర్రలు, సామలు, జొన్నలు మన నానమ్మల కంచంలో ఉన్నప్పుడు అది "మాల మాదిగ తిండి". నగరంలో అద్దాల జాడీలోకి చేరాక అది "సూపర్ ఫుడ్". గింజ మారలేదు. తినేవాళ్ళ కులం మారింది, ధర మారింది.

వాళ్ళ వాటా, మన వాటా

ఇప్పుడు నగరాల్లో నడుస్తున్న వ్యవహారం చూద్దాం. యాప్‌లో నెలకింత కట్టు, నీకో మడి, అందులో పండింది నీ ఇంటికి. వినడానికి వాటాలాగే ఉంటుంది. లోపల చూస్తే మూడు చోట్ల తేడా కొడుతుంది.

మొదటిది, నష్టం ఎవరిది? వాటా అంటే లాభంతోపాటు వడగళ్ళు కూడా పంచుకోవాలి. "ఈ వారం పాలకూర రాలేదు, డబ్బు వాపస్ ఇవ్వండి" అని అడిగే హక్కు ఉంటే అది వాటా కాదు, చందా. ఆ వాపస్ చివరికి రైతు ఖాతాలోంచే కోస్తారు. తుఫాను పాపం పండించినోడి నెత్తిన, పాలకూర మాత్రం మన కంచంలో. పాత దొరతనానికి కొత్త యాప్.

రెండోది, "మీ రైతుని తెలుసుకోండి" అనే నినాదం. మంచి నినాదమే. ఎంతవరకు తెలుసుకుంటారు? పేరు తెలుసుకుంటారు, నవ్వుతున్న ఫోటో తెలుసుకుంటారు. ఆయన ఊళ్ళో ఉంటాడా వాడలో ఉంటాడా అని తెలిసిన రోజు ఎంతమంది ఆ సంచి తీసుకుంటారు? బడిలో దళిత ఆడమనిషి వండితే పిల్లల్ని అన్నం దగ్గర్నుంచి లేపి తీసుకెళ్ళిన తల్లిదండ్రులున్న దేశం ఇది. దళితుడు పాలు పోస్తే కేంద్రంలో పక్కన పెట్టించుకున్న అనుభవం మన ఊళ్ళలో ఎందరికో ఉంది. అందుకే దళారీ చాలాసార్లు మన కులాన్ని దాచే తెర కూడా. ఆ తెర తీసేస్తామంటున్న వాళ్ళు, తెర వెనక మేము కనపడ్డాక కూడా కొంటారో లేదో ముందు చెప్పాలి.

మూడోది, శుద్ధి పిచ్చి. మందులేని తిండిని తీసుకెళ్ళి మడి కట్టిన తిండి చేశారు. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, గుడ్డు లేదు, "సాత్వికం". పాలేకర్ పద్ధతి నాటు ఆవు పేడకే పెద్దపీట వేసి గేదె పేడని వెనక్కి నెట్టింది. వాడలో ఎన్ని ఇళ్ళల్లో నాటు ఆవు ఉంది? మనకున్నది బర్రె, నాలుగు మేకలు, పది కోళ్ళు. గొర్రెల మంద కట్టిన పొలం ఎట్లా పండుతుందో మన తాతలకి తెలుసు. మేక పెంట వేసిన బెండకాయకి ఏ దోషం అంటుకోదు. చచ్చిన గొడ్డుని మోసినోడికి, తోలు తీసినోడికి, పెంటకుప్ప ఎత్తినోడికి మట్టి బలం గురించి గోశాల వాళ్ళు పాఠం చెప్పడం ఒక హాస్యం.

2012లో ఉస్మానియాలో పిల్లలు పెద్దకూర పండగ చేసింది కంచంలో ఏముండాలో మేమే తేల్చుకుంటాం అని చెప్పడానికి. అదే పోరాటానికి రెండో సగం ఇది: కంచంలోకి వచ్చేది ఎవరు, ఏ షరతుల మీద పండించాలో కూడా తేల్చుకోవడం. మన వాటా సంచిలో బీరకాయ పక్కనే గుడ్లుంటాయి, నాటుకోడి ఉంటుంది, ఎండు చేపలుంటాయి.

"లోకల్" అనే మాటతో కూడా జాగ్రత్త. స్థానికం అంటే చాలు పవిత్రం అన్నట్టు మాట్లాడుతున్నారు. అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో నిలబడి, గ్రామాన్ని ఆకాశానికెత్తే వాళ్ళ భ్రమలన్నీ బద్దలుకొట్టాడు. ఊరంటే సంకుచితత్వం, అజ్ఞానం, మతతత్వం పేరుకున్న చోటని చెప్పాడు. మనకి ఊరు ఎప్పుడూ ఊరూ వాడా అని రెండు. లోకల్ అన్నప్పుడు ఆ రెంటిలో ఏది అని అడగాలి.

"ఇది భూపోరాటానికి అడ్డం కాదా?"

ఈ ప్రశ్న అడిగే మిత్రుల మీద నాకు గౌరవం ఉంది, ఎందుకంటే ఇది సరైన ప్రశ్న. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఎస్సీల చేతిలో ఉన్న కమతాలు 12 శాతం దగ్గర, విస్తీర్ణంలో 9 శాతం లోపు. సగటు కమతం రెండెకరాల లోపే. జనాభాలో మనం 16 శాతం పైచిలుకు. తెలంగాణలో 2014 ఆగస్టు 15న మొదలుపెట్టిన మూడెకరాల భూపంపిణీ కొన్ని వేల కుటుంబాల దగ్గర ఆగిపోయింది. 2018లో వచ్చిన రైతుబంధు పట్టా ఉన్నోడికి ఇచ్చారు. కౌలుకి దున్నే మనోడు ఆ డబ్బు భూస్వామి ఖాతాలో పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు. కూరగాయల సంచులు ఈ అన్యాయాన్ని మార్చవు. మారుస్తాయని నేను చెప్పట్లేదు.

నేను చెప్పేది వేరు. అంబేద్కర్ 1947లో రాసిన "రాష్ట్రాలు - మైనారిటీలు" తీసి చూడండి. వ్యవసాయ భూమి రాజ్యం చేతిలో ఉండాలన్నాడు. భూస్వామీ కౌలుదారూ కూలీ అనే మెట్లు లేకుండా ఊరి వాళ్ళంతా కలిసి సాగు చేయాలన్నాడు. అక్కడితో ఆగలేదు. ఆ సాగుకి నీళ్ళు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనం రాజ్యమే సమకూర్చాలి అని కూడా రాశాడు. భూమి ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ భూమి మళ్ళీ షావుకారు తాకట్టులోకే పోతుందని ఆయనకి తెలుసు. మన అసైన్‌మెంట్ భూములకి జరిగింది అదే. పట్టా వచ్చింది, పెట్టుబడి రాలేదు. పదేళ్ళకి ఆ భూమిలో ఇంకెవరో దున్నుతున్నారు, పట్టాదారు అందులోనే కూలికి పోతున్నాడు.

రాజ్యం పెట్టాల్సిన పెట్టుబడి రాజ్యం దగ్గర అడుగుతూనే ఉండాలి. అది వచ్చేదాకా ఆ రెండెకరాల్ని చేజారకుండా పట్టుకోవాలంటే వడ్డీలేని పెట్టుబడి కావాలి. వాటా సరిగ్గా అదే. భూపోరాటం గెలిచిన భూమిని నిలబెట్టే పని ఇది.

ఏం చేద్దాం?

ఈ సీజన్‌కే మొదలుపెట్టగలిగినవి చెప్తాను.

ఒకటి. హాస్టల్ గదికో వాటా కుదరదు, నిజమే. నలుగురికి ఒక వాటా పెట్టుకోండి. విశ్వవిద్యాలయాల్లో మెస్ కమిటీలున్న చోట వారానికి ఒక్కరోజు కూర ఒక దళిత ఆడవాళ్ళ సంఘం పొలం నుంచి రావాలని తీర్మానం పెట్టించండి. రోజూ ఐదొందల మంది తినే మెస్ ఒక్కటి మనసు మార్చుకుంటే ఎన్ని ఎకరాలు నిలబడతాయో లెక్క వేయండి.

రెండు. ముందు వాడలో రైతు, ముఖ్యంగా ఆడమనిషి, ఆ తర్వాతే ఇంకెవరైనా. కౌలుదారైనా సరే. పట్టా పుస్తకం అడగొద్దు, అది బ్యాంకు అడిగే ప్రశ్న.

మూడు. లెక్క అందరి ముందు వేయాలి. కూలి గడి ఖాళీగా ఉన్న ఏ లెక్క మీదా సంతకం పెట్టొద్దు. బయటి నుంచి వచ్చే ఆడకూలీకి, మగకూలీకి ఒకే కూలి రాయాలి. మన సంఘంలో కూడా ఆడమనిషికి వంద తక్కువిస్తే మనమూ దొరలమే.

నాలుగు. నష్టం పంచుకుంటామని ముందే కాగితం మీద రాసుకోవాలి. పంట పోయిన వారం డబ్బు వాపస్ లేదు. ఆ వారం రైతు ఇంటికి ఫోన్ చేసి ఏం జరిగిందో అడగాలి.

ఐదు. సర్టిఫికెట్ లేదని భయపడొద్దు. 2017 ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్న చిన్న రైతు తను పండించింది నేరుగా తినేవాళ్ళకే అమ్మితే ఆర్గానిక్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కాగితం బదులు మీరే నెలకోసారి చేనుకి వెళ్ళండి. చూసి రావడానికే కాకుండా ఒక పూట కలుపు తీయండి. కట్టలేని విద్యార్థులు ఆ పనినే తమ వాటా కింద రాయించుకోవచ్చు, రోజుకి అదే 500 లెక్కన.

ఆరు. అక్కల్ని వేదిక మీద కూర్చోబెట్టి సన్మానం చేయకండి. వాళ్ళ చేతికి లెక్కల పుస్తకం ఇవ్వండి. ధర ఎంతో వాళ్ళు చెప్పాలి, మనం బేరం ఆడకూడదు.

పొలంలో వాటా అనే మాట మనకి కొత్తదేం కాదు. తరతరాలుగా మన తాతలు కల్లం అంచున చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, అందరూ కొలుచుకున్నాక మిగిలిన పొల్లూ తాలూ మేరగా మోసుకొచ్చారు. మోట బొక్కెన కుట్టి, చెప్పులు కుట్టి, చావు కబురు మోసి, డప్పు కొట్టి ఏడాదంతా చేసిన చాకిరీకి అదే జీతం. ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడే తేల్చేవాడు. ఎదురడిగితే మరుసటేడు అదీ లేదు.

ఇప్పుడు ఆ వరస తిరగెయ్యాలి. పంట చేతికొచ్చాక దయతో దులిపే గింజలు మనకొద్దు. దుక్కి దున్నేటప్పుడే మన డబ్బు, మన లెక్క, మన మాట ఆ మట్టిలో పడాలి. అది మన అక్క దున్నే మట్టి అయుండాలి. తొలకరికి ఇంకా టైముంది. నలభై పేర్లు రాయడం మొదలుపెట్టండి.

వచ్చే భాగంలో అసైన్డ్ భూముల తాకట్టు లెక్కలు.

జై భీమ్.